వాడరేవా, కళింగపట్నమా, బారువా? చేపల ఊరికి వెళ్ళాలంటే ఏది మేలు

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇదే. సముద్రం కావాలి, కానీ బజ్జీల బండ్లు, గుర్రపు స్వారీలు, స్పీకర్లలో పాటలు వద్దు, పడవలూ వలలూ ఉన్న ప్రశాంతమైన మత్స్యకారుల ఊరు ఒకటి చెప్పమని. ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ జైల్లో మగ్గిన సంగతి సినిమాగా వచ్చాక శ్రీకాకుళం తీరం గురించి అడిగేవాళ్ళు మరీ పెరిగారు. హైదరాబాద్, విజయవాడ వాళ్ళు వాడరేవు దగ్గర మొదలుపెడతారు, విశాఖ వాళ్ళు కళింగపట్నం అంటారు, బారువ పేరెత్తేది మాత్రం మా ఇంట్లోవాళ్ళే, ఎందుకంటే మా అత్తవారిది ఉద్దానం వైపు. కాబట్టి నేను ఎటు మొగ్గుతానో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. అయినా మూడింటి మంచీ చెడూ దాచకుండా చెబుతాను, ఎంచుకోవడం మీ ఇష్టం.

చాలామంది బీచ్ ఫోటోలు చూసి ఊరిని ఎంచుకుంటారు. ఇసుక తెల్లగా ఉందా, నీళ్ళు నీలంగా ఉన్నాయా అని. మన తీరంలో ఆ లెక్కన ఊరికీ ఊరికీ పెద్ద తేడా ఏమీ ఉండదు, మూడు చోట్లా అదే బంగాళాఖాతం, అదే ఎర్రటి పొద్దుపొడుపు. లోపలికి లాగేసే కెరటాలూ మూడు చోట్లా ఉన్నాయి. నేను చూసేది ఒక్కటే, రాత్రి ఎక్కడ పడుకుంటాం అన్నది. అంటే తెల్లారకముందే లేచి, మొహం కడుక్కుని, పడవలు ఒడ్డుకొచ్చే వేళకి అక్కడుండగలమా లేదా. ఎందుకంటే చేపల ఊరు హడావుడిగా ఉండేది తెల్లవారుజాము నుంచి మహా అయితే ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా. ఆ తర్వాత సరుకు ఆటోలెక్కి వెళ్ళిపోతుంది, ఆడవాళ్ళు గంపలెత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళకి బయల్దేరతారు, రాత్రంతా వేటలో ఉన్న మగవాళ్ళు నిద్రపోతారు. మీరు టిఫిన్ చేసి, కారేసుకుని, తీరిగ్గా పదింటికి దిగితే కాలే ఇసుక, బోర్లించిన పడవలు, వాటి నీడలో పడుకున్న కుక్కలు తప్ప ఏమీ కనపడవు. "ఊరు బాగానే ఉంది కానీ చూడ్డానికేమీ లేదు" అని తిరిగొచ్చేవాళ్ళంతా ఈ పదిగంటల బాపతే.

ఇంకో సంగతి, విశాఖ, కాకినాడ, నిజాంపట్నం లాంటి చోట్ల హార్బర్లున్నాయి, బోట్లు జెట్టీకి కట్టేసుకుంటారు. ఈ మూడు ఊళ్ళలో అలా కాదు, పడవని ఇసుక మీదికే లాగాలి. ఫైబర్ బోటు చివరి కెరటం చూసుకుని దాని మీద ఒడ్డుకి దూసుకొస్తుంది, సరిగ్గా ఆ క్షణంలో వెనక కూర్చున్న మనిషి ఇంజను పైకెత్తేస్తాడు, లేకపోతే ఫ్యాను ఇసుకలో దిగబడిపోతుంది. ఒడ్డున ఉన్నవాళ్ళు ఎవరి పడవన్నది చూడకుండా వచ్చి భుజం ఆనిస్తారు. పడవ ఆగగానే వల కిందికి దింపి నలుగురు కూర్చుని కన్ను కన్నుకీ చిక్కుకున్న చేపల్ని తీస్తుంటారు, వాళ్ళ వేళ్ళు ఎంత వేగంగా కదులుతాయంటే చేపకి ఎక్కడా గాటు పడదు, వల పోగు తెగదు. అదే మనం చేస్తే రెండూ అవుతాయి. చేప తీసినంతసేపూ పక్కన పాట నడుస్తూనే ఉంటుంది. పాట అంటే వేలం. కవళ్ళు అనే చేపల కుప్ప ముందు ఒకామె నిలబడి ధర అంటుంది, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తల తిప్పకుండానే పెంచుతారు, మనకి ఎవరు ఎంతన్నారో తెలిసేలోపు ఆ కుప్ప గంపలోకి ఎక్కేస్తుంది.

ఇది చూడాలంటే ఒడ్డుకి దగ్గర్లో పడుకోవాలి, అంతే. ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం.

వాడరేవు చీరాలకి ఆనుకున్నట్టే ఉంటుంది, ఆటోలో పదిహేను నిమిషాలు. హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కితే పొద్దున్నే చీరాలలో దిగొచ్చు, ఇంత సుఖం మిగతా రెండింటికీ లేదు. వాడరేవు నుంచి పక్కనున్న రామాపురం దాకా గదులు, రిసార్టులు బోలెడు, బడ్జెట్ ఎంతైనా ఏదో ఒకటి దొరుకుతుంది. పైగా ఇది పెద్ద చేపల రేవు, సరుకు ఎక్కువ, ఐసు పెట్టెలతో వ్యాన్లు వచ్చి నిలబడి ఉంటాయి, ఒడ్డంతా సందడి. నేను చెప్పిన లెక్క ప్రకారమైతే ఇదే గెలవాలి, గదిలోంచి నడుచుకుంటూ పడవల దగ్గరికి వెళ్ళిపోవచ్చు.

మరెందుకు గెలవదంటే, అడిగేవాళ్ళు ప్రశాంతత కూడా అడుగుతున్నారు కాబట్టి. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా వాడరేవు చేపల ఊరు కాదు, పిక్నిక్ స్పాట్. కార్లు, బిర్యానీ ప్యాకెట్లు, ఖాళీ సీసాలు. తాగి నీళ్ళలోకి దిగే కుర్రాళ్ళు, వాళ్ళని బయటికి రమ్మని విజిల్ ఊదే పోలీసులు. ప్రాణాలు పోయినప్పుడు సూర్యలంక, రామాపురం, వాడరేవు బీచ్‌లు కొన్నాళ్ళు మూసేయడం కూడా మామూలైపోయింది, వెళ్ళేముందు ఆ వార్త ఒకసారి చూసుకోండి. పిడుగురాళ్ళ నుంచి చిలకలూరిపేట మీదుగా వాడరేవు దాకా 167ఎ జాతీయ రహదారిని వెడల్పు చేస్తున్నారు, అది పూర్తయితే హైదరాబాద్ కార్లకి దారి ఇంకా సుళువవుతుంది, రద్దీ తగ్గుతుందని ఆశపడకండి. మంగళవారమో బుధవారమో వెళ్ళగలిగితే మాత్రం వాడరేవు చాలా మంచి ఊరు. మధ్యాహ్నం ఎండలో చేసేదేముందంటారా, పక్కనే వేటపాలెం ఉంది, 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం చూడండి, ఆ పాత పత్రికల గుట్టలు చూశాక సముద్రం కాసేపు మర్చిపోతారు. చీరాల నేత చీరల సంగతి ఇంట్లో ఆడవాళ్ళకి నేను చెప్పాల్సిన పని లేదు.

కళింగపట్నం పేరు మీరు ఎప్పుడూ వెళ్ళకపోయినా విని ఉంటారు. అల్పపీడనం వచ్చిన ప్రతిసారీ వార్తల్లో వచ్చే పేరు, "కళింగపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో" అని. వంశధార ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. లైట్‌హౌస్ ఉంది, ఒకప్పటి ఓడరేవు జాడలు, డచ్చి వాళ్ళ కాలం గుర్తులు ఉన్నాయి. బీచ్‌లో పార్కు, బొమ్మలు కూడా ఉన్నాయి, పిల్లలకి బాగుంటుంది, నాకు అవసరం లేదు. అసలు పడవల సందడి కావాలంటే పార్కు దగ్గర ఆగిపోకుండా పక్కనున్న బందరువానిపేట వైపు వెళ్ళాలి, అది నిఖార్సైన గంగపుత్రుల ఊరు.

ఇక్కడ చిక్కల్లా పడకే. ఎక్కువమంది శ్రీకాకుళంలో లాడ్జి తీసుకుంటారు, అక్కడి నుంచి పాతిక కిలోమీటర్ల పైమాటే. తెల్లవారుజామున నాలుగున్నరకి ఆటో మాట్లాడుకోవాలి, అది కూడా ముందు రోజు రాత్రే, ఆ ఆటో అతను లేస్తాడా లేదా అని మనకి రాత్రంతా టెన్షన్. సొంత కారుంటే సమస్య లేదు. కారు లేనివాళ్ళు ఆచరణలో చేసేది, పొద్దున అరసవల్లి, ఆ తర్వాత శ్రీకూర్మం, మధ్యాహ్నం శాలిహుండం, సాయంత్రానికి కళింగపట్నం బీచ్, చీకటి పడగానే వెనక్కి. అది మంచి రోజే, కాదనను. శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాల దగ్గర నిలబడితే కింద వంశధార వెడల్పుగా కనిపిస్తుంది, ఆ చోటు వెలుగులోకి రావడానికి మన గిడుగు రామమూర్తి పంతులుగారే కారణం, 1919లో. వ్యావహారిక భాష, సవర భాష అంటూ తిరిగిన మనిషికి ఇదెప్పుడు తీరిందో అనిపిస్తుంది. పెద్దవాళ్ళని తీసుకెళ్తున్నా, గుళ్ళూ గోపురాలూ కావాలన్నా మారు ఆలోచించకుండా కళింగపట్నమే వెళ్ళండి. కానీ ఆ ప్రయాణంలో మీరు చూసేది చేపల ఊరిని కాదు, దాని పక్కనున్న సముద్రాన్ని.

ఇక బారువ. సోంపేట మండలం, ఒడిశా సరిహద్దుకి దగ్గర. మహేంద్రతనయ నది ఇక్కడికి దగ్గర్లోనే సముద్రంలో కలుస్తుంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఇదీ ఓడరేవే, ఇప్పుడు ఆ ఛాయలు తప్ప రేవు లేదు. ఒడ్డుకి కొంత దూరాన నీళ్ళ అడుగున చిల్కా అనే పాత ఆవిరి ఓడ మునిగిపోయి ఉంది, స్కూబా డైవింగ్ వాళ్ళు దాని కోసం వస్తుంటారు, మనలాంటి వాళ్ళకి మాత్రం పైనుంచి కనపడేది ఉత్త కెరటాలే. ఉద్దానం అనగానే జనానికి కిడ్నీ జబ్బు వార్తలే గుర్తొస్తాయి కానీ ఆ పేరుకి మూలం ఉద్యానవనమే అంటారు, కొబ్బరి, జీడి, పనస తోటల మధ్యలోంచి దారి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఆ తోటల్ని నేలమట్టం చేసింది, తర్వాత నాటిన కొబ్బరి చెట్లకీ పాత చెట్లకీ ఎత్తులో తేడా ఇప్పటికీ బస్సు కిటికీలోంచి తెలిసిపోతుంది.

చేరడం కొంచెం కష్టమే. సోంపేట అని పేరున్న రైల్వే స్టేషన్ నిజానికి కంచిలిలో ఉంది, అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు, ఆగకపోతే పలాసలో దిగి బస్సు పట్టుకోవాలి (పలాసలో దిగాక జీడిపప్పు కొనకుండా ఎవరూ బస్సెక్కరు, అది వేరే విషయం). సోంపేట నుంచి బారువకి ఆటోలు దొరుకుతాయి. బీచ్ దగ్గర బస సంగతి ముందే ఫోన్ చేసి గట్టిగా కనుక్కోండి, లేదంటే సోంపేటలో మామూలు లాడ్జీలున్నాయి. ఏసీ, రూమ్ సర్వీస్ లాంటివి మనసులో పెట్టుకోకండి. కానీ సోంపేటలో పడుకున్నా ఒడ్డు దగ్గరే, పొద్దున్నే ఆటో దొరకడం శ్రీకాకుళంలో లాగా గగనం కాదు, పాలు, కూరగాయలు, చేపల కోసం తిరిగే ఆటోలు ఆ వేళకే రోడ్డు మీద ఉంటాయి. నా లెక్కలో బారువ నెగ్గేది ఇక్కడే. వాడరేవు సుఖం లేదు, కళింగపట్నం హంగులు లేవు, కానీ తెల్లారేసరికి మీరు పడవల దగ్గర ఉంటారు, ఇంకెవరూ ఉండరు.

ఇటువైపు ఒడ్డున అదృష్టముంటే పెద్దవల లాగడం కూడా చూస్తారు. తాడు ఒక కొసని ఒడ్డున వదిలేసి పడవ వలని అర్ధచంద్రంలా సముద్రంలో వేసుకుంటూ పోయి, రెండో కొసని కొంత దూరంలో ఒడ్డుకి తెస్తుంది. ఇక రెండు జట్లు, ఒక్కో జట్టులో ముసలివాళ్ళు, కుర్రాళ్ళు, ఒక్కోసారి ఆడవాళ్ళు కూడా, తాడు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతారు. వరస చివరికొచ్చిన మనిషి తాడు వదిలేసి మళ్ళీ నీళ్ళ దగ్గరికి వెళ్ళి మొదట్లో పట్టుకుంటాడు, ఇంకొకడు వచ్చిన తాడుని వచ్చినట్టు చుట్టలు చుడుతుంటాడు. గంట దాటుతుంది, రెండు గంటలు కూడా పడుతుంది. రెండు జట్లూ మెల్లగా ఒకదానికొకటి దగ్గరవుతాయి, గద్దలు కిందికి దిగుతాయి, చివర్న సంచి లాంటి వల ఇసుక మీదికి వస్తుంది. అందులో నెత్తళ్ళు, కానాగంతలు, రెండు మూడు పీతలు, కొన్ని జెల్లీ చేపలు, బోలెడు ప్లాస్టిక్. ఒక్కోరోజు అంత కష్టానికీ పడింది చూస్తే మనకే మనసు చివుక్కుమంటుంది, వాళ్ళు మాత్రం "ఏటి సేత్తాం బాబూ, ఇవాళ గంగమ్మ తల్లి ఇంతే ఇచ్చింది" అని వాటాలు వేసుకుంటారు. వల ఉన్నవాడికో వాటా, పడవకో వాటా, తాడు లాగిన చేతులకి మిగతాది.

లాగుతున్నప్పుడు చెయ్యి వేస్తానంటే కాదనరు, కానీ తాడు దాటకండి, చెప్పులతో వల తొక్కకండి. ఆడవాళ్ళని అడగకుండా ఫోన్ మొహానికి గురిపెట్టకండి, పాట జరిగేటప్పుడు మధ్యలో దూరి ధర అడగడం అసలొద్దు. పాట అయ్యాక కొనుక్కున్నామెని అడిగితే కేజీ, రెండు కేజీలు ఇస్తుంది, బేరం మరీ లాగకండి. ఆ చేప వండించుకోవడం ఇంకో పని, హోటళ్ళ మీద ఆశ పెట్టుకోకుండా బస చేసిన చోట ముందే మాట్లాడుకోవాలి. ఒక చేదు నిజం కూడా చెప్పాలి, మూడు ఊళ్ళలోనూ పడవలకి కాస్త అవతల ఒడ్డుని జనం దొడ్డికి వాడతారు, ఎక్కడ పడితే అక్కడ చెప్పుల్లేకుండా నడిచేయకండి.

ఏ ఊరన్నది ఎంత ముఖ్యమో ఎప్పుడన్నదీ అంతే ముఖ్యం, దీని గురించి మాత్రం ఎవరూ అడగరు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు, ఇంజను పడవలు కదలనివ్వరు. సరిగ్గా పిల్లల వేసవి సెలవులన్నీ అందులోనే పోతాయి! మేలో వెళ్తే ఇసుక మీద వరసగా పడవలు, తాటాకు పందిరి కింద వలలు బాగుచేసుకునే మనుషులు కనిపిస్తారు, తెడ్డు తెప్పలు ఒకటీ అరా తిరుగుతాయి, పాట సందడి ఉండదు. కబుర్లు కావాలంటే మాత్రం అదే మంచి కాలం, శ్రీకాకుళం వైపు మరీను. ఎచ్చెర్ల మండలం ఊళ్ళు మొదలుకుని ఆ తీరం నుంచి మగవాళ్ళు ఆగస్టులో గుజరాత్‌లోని వేరావల్ పోయి, అక్కడి బోట్ల మీద నెలల తరబడి పనిచేసి ఎండాకాలానికి ఇళ్ళకొస్తారు. 2018 నవంబర్‌లో పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి 2020 జనవరిలో విడుదలైన 20 మందీ అలా వెళ్ళినవాళ్ళే. ఇంత పొడవు సముద్రం ఇంటి ముందుండగా అంత దూరం ఎందుకు పోతారని మీరు అడిగితే, ఇక్కడ హార్బర్ లేదు, పెద్ద బోట్లు లేవు, అక్కడ జీతం ఖాయం అని చెబుతారు. చలికాలంలో మీరు ఊళ్ళో తిరిగితే ఇళ్ళ ముందు ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలే ఎక్కువ కనపడటానికి కారణం అదే.

అక్టోబర్, నవంబర్‌లు తుపాన్ల కాలం, టికెట్లు చేసుకుని వార్తలు చూస్తూ కూర్చోవాలి. నన్నడిగితే డిసెంబర్ చివరి నుంచి మార్చి మొదటి వారం దాకా. వేట ఉంటుంది, ఎండ ఉండదు, బారువ వైపు ఆ నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, కనపడితే దూరంగా నిలబడండి, టార్చి వేయకండి. కళింగపట్నం ఎంచుకున్నవాళ్ళు కూడా ఇదే కాలంలో వెళ్తే టెక్కలి దగ్గరున్న తేలినీలాపురంలో సైబీరియా కొంగలని మనవాళ్ళు పిలిచే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల నిండా కనిపిస్తాయి.

మిగతావాటి గురించి అడిగేవాళ్ళకి రెండు ముక్కలు. సూర్యలంక వద్దు, వాడరేవుకి చెప్పిన ఇబ్బందులన్నీ అక్కడ రెట్టింపు. భీమిలి అందంగానే ఉంటుంది, డచ్చి సమాధులు, గోస్తనీ కలిసే చోటు అన్నీ బాగుంటాయి, కానీ అది ఇప్పుడు విశాఖలో ఒక పేట. ఉప్పాడకి జాందానీ చీరల కోసం వెళ్ళండి, ఊరిని సముద్రం కోసేస్తున్న తీరు చూస్తే ప్రశాంతత మాట మర్చిపోతారు. మైపాడు నెల్లూరు వాళ్ళకి దగ్గర, మంగినపూడి బందరు వాళ్ళకి, పనిగట్టుకుని దూరం నుంచి వెళ్ళక్కర్లేదు. భావనపాడు నాకిష్టమే కానీ పక్కన మూలపేటలో పోర్టు కడుతున్నారు, లారీలు తిరుగుతున్న చోటికి ప్రశాంతంగా ఉంటుందని మిమ్మల్ని పంపలేను.

ఒక్క రాత్రే సమయముండి అది శనివారమే అయితే మూడూ వద్దు, ఇంట్లో ఉండండి. ఒక రాత్రి, వారం మధ్యలో అయితే వాడరేవు. అమ్మానాన్నలు, పిల్లలు, ఒక కారు ఉంటే కళింగపట్నం, తెల్లవారుజామున మీరొక్కరే లేచి బందరువానిపేట వెళ్ళొచ్చేయండి, వాళ్ళు లేచేసరికి తిరిగొచ్చేస్తారు. రెండు రాత్రులు దొరికి, లాడ్జి మంచం గట్టిగా ఉన్నా ఫర్వాలేదనుకుంటే బారువ. మొదటి రోజు పొద్దున ఊరికే నిలబడి చూడండి, చేపలు రెండో రోజు కొనండి. అప్పటికి మిమ్మల్ని గుర్తుపట్టి ఉంటారు కాబట్టి ధర తగ్గుతుంది.